మూడొందలంటే మూడొందలే

ఆయన నోటి నుంచి ఏ అంకె ఊడిపడినా దాని తోకకి ఒక సున్నా ఎక్కువ తగిలించి ఉంటుందని ఆ వీధిలో పాలు పోసేవాడి దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలమ్మ దాకా అందరికీ తెలుసు. అందుకే ఆయన అసలు పేరు ఏనాడో మాసిపోయి సున్నాల బాబాయి మిగిలాడు. ఇరవై కిలోల చేప పట్టానన్నాడంటే రెండు కిలోలదని అర్థం. వందమంది దొంగల్ని తరిమానన్నాడంటే పదిమంది అన్నమాట, ఆ పదిమందిలోనూ తొమ్మండుగురు పిల్లులై ఉండొచ్చు. దీనికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. చివరి సున్నా కొట్టేస్తే చాలు, నిజం దానంతటదే బయటపడుతుంది.

ఈ సూత్రాన్ని కనిపెట్టిన మహాతల్లి మరెవరో కాదు, స్వయానా ఆయన భార్యే. పెళ్ళి మాటలప్పుడు "నా మోటారు వైండింగు షాపులో పదిమంది పనివాళ్ళున్నారు" అన్నాడట పెద్దమనిషి. పెళ్ళయ్యాక వెళ్ళి చూస్తే ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ ఈయనే. ఆవిడేమో ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఏడవలేదు, అలగలేదు. "ఓహో, ఈయనగారికి సున్నా కొట్టెయ్యాలన్నమాట" అనుకుంది. ఆనాటి నుంచి కాపురం ఏ పొరపొచ్చాలూ లేకుండా సాగిపోయింది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురైతే కూడికల కంటే ముందు తీసివేతలు నేర్చుకుంది. తర్వాత ఇంటికొచ్చిన అల్లుడికి కూడా పెళ్ళైన వారంలోనే ఈ రహస్యం అందింది.

కాలిన మోటార్లు, ఆగిపోయిన ఫ్యాన్లు విప్పి రాగితీగ మళ్ళీ చుట్టడంలో బాబాయి చెయ్యి తిరిగినవాడు. చుట్టేటప్పుడు చుట్లు ఎంత జాగ్రత్తగా లెక్కపెడతాడో, చెప్పేటప్పుడు అంత ధారాళంగా పెంచుతాడు. చెయ్యి వేరు, నోరు వేరు. ఆ రెండింటికీ ఎప్పుడూ మాటల్లేవు.

అలాంటి బాబాయి గాలిమర కట్టడం మొదలెట్టాడంటే వీధి ఊరుకుంటుందా? "గాలి కబుర్లు చెప్పీ చెప్పీ చివరికి గాలినే పట్టుకున్నాడు" అని ఎదురింటి టైలరత్త మిషను తొక్కడం ఆపి మరీ నవ్వింది. నవ్వనీ. ఆ గాలిమర ఎందుకు కడుతున్నాడో ఆవిడకేం తెలుసు.

కూతురు ఇంటి వెనక గదిలో కోడిగుడ్లు పొదిగిస్తుంది. చచ్చిపోయిన పాత ఫ్రిజ్జు ఒకటి తెచ్చి, లోపల జాలీ అరలు అమర్చి, బల్బులు పెట్టి, దాన్నే పొదిగే పెట్టె చేసుకుంది. చల్లబరచడానికి పుట్టిన పెట్టె ఆమె చేతిలో పడి వెచ్చగా ఉండటం నేర్చుకుంది. తలుపు మీది గుండ్రటి మీటరులో ముల్లు ఎర్రగీత దగ్గర నిలబడాలి. అంతకంటే దిగిందంటే లోపలి ప్రాణాలు దిగిపోతున్నట్టే. కిందటిసారి కరెంటు పోయి పూటంతా రాలేదు. సాయంత్రం ఆమె తలుపు తీసి, చల్లబడిన గుడ్లు ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని విని, ఒక్కొక్కటే బుట్టలో వేసింది. గుమ్మంలో నిలబడి అది చూసిన బాబాయి ఆ రోజు ఒక్క అంకె కూడా చెప్పలేదు. అంకెలు చెప్పని బాబాయిని ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. మర్నాడు పొద్దున్నే ప్లాస్టిక్ గొట్టం కొనుక్కొచ్చి రెక్కలు కొయ్యడం మొదలెట్టాడు.

ఇప్పుడు పెట్టెలో రెండొందల గుడ్లున్నాయి. ఒక కోళ్ళఫారం వాళ్ళు మొదటిసారి ఆమెని నమ్మి పిల్లల్ని చేసి ఇమ్మన్నారు. ఈ విడత దక్కితే ఏడాది పొడుగునా పని. పోయిందా, ఇక ఆ గుమ్మం తొక్కక్కర్లేదు.

గాలిమర డాబా మీద నిలబడిన రోజు బాబాయి కాలు నేల మీద ఆనలేదు. మూడు రెక్కలు, వెనక గాలివాటానికి తిరిగే రేకు తోక, ఆ తోకకి ఒక తాడు. తాడు లాగితే మర మొహం గాలికి పక్కకి తిరిగి నెమ్మదిస్తుంది. లోపల చక్రం మీద అయస్కాంతాలు, వాటి ఎదురుగా బాబాయి స్వహస్తాలతో చుట్టిన తీగచుట్టలు. కిందికి తీగ, ఆ తీగ చివర పాత కారు బ్యాటరీ.

"అల్లుడుగారూ, పెట్టండి మీ మీటరు!" అని కేకేశాడు.

అల్లుడు ఫ్రిజ్జులు బాగుచేసేవాడు, నిదానస్తుడు. తీగని పటకారులా పట్టుకుని కరెంటు చెప్పే మీటరొకటి ఎప్పుడూ జేబులో ఉంటుంది. దాన్ని తగిలించి చూశాడు. "మూడు ఆంపియర్లండి. పన్నెండు వోల్టులు. మూడు పన్నెండ్లు ముప్పై ఆరు. ముప్పై ఆరు వాట్లండి మామయ్యగారూ."

"చూశావుటే!" బాబాయి భార్య రెక్క పట్టుకుని ఊపేశాడు. "ఈ ఉఫ్‌మని ఊదే గాలికే ముప్పై ఆరు! ఇప్పుడు చూడండి." జేబులోంచి కోడి ఈక తీసి డాబా ఈ చివర గాల్లోకి వదిలాడు. వేలు ఊపుతూ లెక్కపెట్టాడు. ఆరు అనేసరికి ఈక అవతలి పిట్టగోడకి తగిలింది. "ఆరంకెలు. సాయంకాలం గాలి లేచినప్పుడు ఇదే ఈక మూడంకెలకే చేరుతుంది, నేను చూశాను. అంటే గాలి రెండింతలు. గాలి రెండింతలైతే కరెంటెంత?"

"రెండింతలు" అంది కూతురు.

"ఎనిమిదింతలు!"

భార్య పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు అటు తిరిగింది, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి.

"అరే, నవ్వుతారేంటి! వచ్చే గాలి రెండింతలవుతుందా? ఆ వచ్చినదల్లా నాలుగింతల బలంతో కొడుతుంది. రెండు నాలుగులెంత? ఇది నా లెక్క కాదే, గాలి లెక్క! ముప్పై ఆరెనిమిదులు చూసుకో. ఇంచుమించు మూడొందల వాట్లు!"

"మీ సావాసంతో గాలికి కూడా కోతలు అబ్బాయండీ" అంది భార్య. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఊరికే అన్నారా."

అల్లుడు మాత్రం నవ్వలేదు. మర్యాదస్తుడు కదా. "అలాగేనండి మామయ్యగారూ" అని వినయంగా తలూపి, మనసులో సున్నా కొట్టేశాడు. మూడొందల్లో సున్నా తీస్తే ముప్పై. మీటరు చూపించిందేమో ముప్పై ఆరు. ఆ ఇంటి సూత్రం అంత చక్కగా ఇంతకుముందెన్నడూ కలిసిరాలేదు. ముప్పై వాట్లకి సరిపడా సన్నతీగ లాగాడు, ఐదు ఆంపియర్ల ఫ్యూజు బిగించాడు. బాబాయి ముచ్చటపడి తెచ్చుకున్న బొటనవేలంత లావు తీగని చక్కగా చుట్టచుట్టి మెట్ల కింద పెట్టేశాడు.

ఆ చుట్ట చూసినప్పుడు బాబాయికి తల కొట్టేసినట్టయింది. అబద్ధమాడి నవ్వులపాలైతే ఆయనకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, అది అలవాటే. నిజం చెప్పి నవ్వులపాలవడం ఇదే మొదలు. టీ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఆలోచించాడు. మూడొందలంటే ముప్పై అనుకుంటున్నారు. మరి మూడువేలంటే? ఠంచనుగా మూడొందలనుకుంటారు! లావుతీగ మెట్ల కింద నుంచి దానంతటదే లేచొస్తుంది. ఒక్క సున్నా, అంతే. నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా ఎన్ని సున్నాలు పంచిపెట్టాడు, ఇదొక లెక్కా?

కానీ ఆ వెనక గదిలో గుడ్లున్నాయి. కూతురు గుడ్డు చెవి దగ్గర పెట్టుకుని విన్నది కళ్ళ ముందు మెదిలింది. దీని మీద అబద్ధం ఆడలేకపోయాడు. గ్లాసు కింద పెట్టి, వెళ్ళి కూతురితో మళ్ళీ అదే చెప్పాడు. "అమ్మడూ, మూడొందలే. నాలుగు పెద్ద బల్బులు పెట్టుకోవచ్చు."

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను" అందామె. "ఇవి ఫ్యాన్లు కావు, గుడ్లు. నీ మాట నమ్మి నాలుగు బల్బులు పెట్టాననుకో, బ్యాటరీ కాసేపట్లో ఖాళీ అవుతుంది. ఆ తర్వాత?"

తప్పు ఆమెదా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఈయన రెండు చోట్లా ఓడిపోయి కూర్చున్నాడు.

రెండు రోజుల తర్వాత కరెంటు వాళ్ళు తీగలు మారుస్తున్నామని పొద్దున్న తీసేశారు. మళ్ళీ రేపు పొద్దున్నేనట. అద్దె జనరేటర్లన్నీ అప్పటికే ఎవరెవరో ఎగరేసుకుపోయారు. అల్లుడు పని మానేసి ఇంట్లో ఉండిపోయాడు. పథకం కూతురూ అల్లుడూ కలిసి వేసిందే. గాలిమర ఇచ్చే ముప్పై వాట్లతో స్కూటరు బల్బొకటి వెలిగించి, మిగతా వెచ్చదనానికి వేణ్ణీళ్ళ డబ్బాలు లోపల పెట్టడం. డబ్బా చల్లారగానే మార్చడం. మార్చాలంటే తలుపు తియ్యాలి. తలుపు తీసిన ప్రతిసారీ ఉన్న వెచ్చదనం కాస్తా బయటికి పోతుంది. ఇదీ చిక్కు.

మధ్యాహ్నం దాకా ముల్లు ఎర్రగీత దగ్గర అటూఇటూ ఊగింది. ఎండ వాలేసరికి గీత దిగి, ఇక ఎక్కనని మొండికేసింది. కూతురు చేతులు వేణ్ణీళ్ళకి ఎర్రబడిపోయాయి. అయినా డబ్బాలు మోస్తూనే ఉంది. అప్పుడు లేచింది గాలి.

మొదట తలుపులు టపటపలాడాయి. తర్వాత టైలరత్త తీగ మీది బట్టలు వీధి దాటొచ్చాయి. డాబా మీద బాబాయి ఈక వదిలాడు. ఒకటి, రెండు, మూడు! ఈక వెళ్ళి గోడకి అతుక్కుంది.

"మూడూ!" అని గంతేశాడు. "అమ్మడూ, మూడే! మూడంకెలే!"

కింద ఠప్‌మంది. ఫ్యూజు పోయింది.

మోయాల్సిన పని ఒక్కసారిగా చేతిలోంచి జారిపోయేసరికి మరకి పిచ్చెక్కింది. రెక్కలు కనపడటం మానేసి రొదగా మారిపోయాయి. ఇనపస్తంభం వణికింది, దానితోపాటు డాబా, డాబాతోపాటు గదిలో గుడ్లు. బాబాయి ఒక్క దూకులో వెళ్ళి తోక తాడు లాగాడు. ఒక్కడి వల్ల కాలేదు. "ఏమేవ్! రా ఇలా!" అని అరిస్తే, భార్య కొంగు నడుముకి దోపుకుని మెట్లెక్కొచ్చి తాడుకి వేలాడింది. మర మూతి తిప్పుకుని, గొణుక్కుంటూ నెమ్మదించింది.

"ఫ్యూజు నాసిరకందండీ!" అని కింద నుంచి అల్లుడు కేకేశాడు. "ఇంకోటి వేస్తున్నా!"

వేశాడు. తాడు వదిలారు. ఠప్. మళ్ళీ తాడు, మళ్ళీ వేలాడటం.

"కల్తీ వెధవలు!" కోపమంటే ఎరగని అల్లుడు మొదటిసారి ఫ్యూజుల కొట్టువాణ్ణి తిట్టాడు. "ముప్పై వాట్లకి ఐదు ఆంపియర్ల ఫ్యూజు పోవడమేంటి, విడ్డూరం కాకపోతే!"

పాపం కొట్టువాడు. ఫ్యూజుని అనుమానించారు, తీగని అనుమానించారు, బ్యాటరీని అనుమానించారు. సూత్రాన్ని అనుమానించాలని ఒక్కరికీ తోచలేదు. మూడో ఫ్యూజు వేసేటప్పుడు అల్లుడు ఎందుకైనా మంచిదని తీగకి మీటరు తగిలించాడు. తాడు వదలగానే అంకె పరుగెత్తింది. ఐదు, తొమ్మిది, పదిహేను...

ఠప్.

అల్లుడు మీటరుకేసి చూశాడు. సున్నాకి పడిపోయిన అంకెకేసి ఇంకా చూస్తూనే ఉన్నాడు. తర్వాత మెట్లు రెండేసి ఎక్కుతూ డాబా మీదికొచ్చాడు. వెనకే కూతురు.

"మామయ్యగారూ, పదిహేను దాటిపోయిందండి! పదిహేనంటేనే నూట ఎనభై వాట్లు. ఇంకా పైకి పోతోంది, ఎందాకా పోతుందో చూసేలోపు ఫ్యూజు పోయింది." రొప్పుతున్నాడు. "మీరు ముప్పై కదా అన్నారు!"

"నేనెప్పుడన్నానండీ ముప్పై?" బాబాయి తాడు పట్టుకునే అరిచాడు. "మూడొందలన్నాను! మూ-డొం-ద-లు!"

"అంటే ముప్పయ్యనే కదండీ!"

"అలా అనుకుంటారని ముందే తెలిసి కూడా మూడువేలని చెప్పలేదే" అంది కూతురు. ఆమె గొంతులో కోపమూ ఉంది, ఏడుపూ ఉంది. "చెప్పుంటే సరిగ్గా అర్థమయ్యేది కదా నాన్నా!"

ఎంత అన్యాయం చూడండి. అబద్ధం చెప్పనందుకు మనిషిని నిలదీయడం లోకంలో ఎక్కడైనా ఉందా? ఆ ఇంట్లో ఉంది. బాబాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఈలోగా అల్లుడికి కొత్త భయం పట్టుకుంది. సూత్రం ఒకసారి బెడిసికొట్టాక ఇక దేన్ని నమ్మాలి? "మూడొందలో, మూడువేలో, అసలు ఎంతో మనకి తెలీదండి. ఆపేద్దాం. తాడు కట్టేసి దిగిపోదాం."

"ఆపితే గుడ్లు పోతాయి" అంది కూతురు. "ముల్లు ఇంకా దిగింది."

అప్పుడామె తండ్రివైపు తిరిగింది. జుట్టంతా గాలికి రేగి మొహమ్మీద పడుతోంది. ఆమె తీసుకోవాల్సిన నిర్ణయం చిన్నదేమీ కాదు. బల్బులు తక్కువ పెడితే పెట్టె వేడెక్కదు. ఎక్కువ పెడితే మర ఇచ్చేదాని కంటే బల్బులు ఎక్కువ తాగేసి బ్యాటరీని పీల్చేస్తాయి, అప్పుడు ఒక్క బల్బు కూడా మిగలదు. సరైన అంకె కావాలి. ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవరికీ అవసరం పడని వస్తువది.

"నాన్నా" అంది. "నీ మూడొందలూ నిజమే అనుకుంటాను. కారు బల్బు ఒక్కోటీ అరవై వాట్లు. ఐదరవైలు మూడొందలు. ఐదు పెట్టెయ్యనా?"

బాబాయి నాలుక దురద పెట్టింది. అబద్ధమెందుకు, భలే దురద పెట్టింది. ఐదు! తను చెప్పిన అంకె అక్షరాలా నిజమైనట్టు ఐదు బల్బులూ వెలుగుతుంటే, వీధి వీధంతా చూస్తుంటే! ఇంకాస్త గాలి లేస్తే ఆరు కూడా అనొచ్చు. తాడు భార్యకీ అల్లుడికీ అప్పగించి, జేబులోంచి ఈక తీసి వదిలాడు. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ ఇంకో ఈక. ఒకటి, రెండు, మూడు. అయినా ఇంకోటి. ఈసారి మూడు అన్నాక ఒక రెప్పపాటు ఆలస్యంగా తగిలింది.

"నాలుగు" అన్నాడు. "ఐదోది వద్దు."

"ఎందుకు? మూడొందలన్నావుగా."

"ఇంచుమించు అన్నాను. తీగలో కొంత పోతుంది. గాలి అస్తమానం ఇలాగే ఉండదు, మధ్యమధ్య నీరసపడుతుంది. ఐదోది పెడితే బ్యాటరీ నుంచి లాగుతుంది అమ్మడూ. నాలుగే. నాలుగు చాలు."

కూతురు ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె తండ్రి నోట ఎన్నో అంకెలు విన్నది గానీ, తన అంకె మీద తనే "వద్దు, చాలు" అనడం ఒక్కనాడూ వినలేదు. ఇవ్వజూపిన ఐదుని ఈయన వెనక్కిచ్చాడు!

"ఏవండీ, మెట్ల కింద లావుతీగ తీయండి. నాలుగు బల్బులు!" అంటూ మెట్లు దూకేసింది.

ఆ తర్వాత జరిగిందంతా గాలికంటే జోరుగా జరిగింది. అల్లుడు లావుతీగ లాగాడు, బాబాయి కొసలు చెక్కి బిగించాడు, పెద్ద ఫ్యూజు పడింది. పాత కారు దీపాల బల్బులు నాలుగూ పెట్టె అరల మధ్య కూర్చున్నాయి. స్కూటరు బల్బు బయటికొచ్చింది. డాబా మీద భార్య ఒక్కతే తాడుకి వేలాడుతూ "నా చేతులు ఊడొస్తున్నాయి, మీ సంసారం పాడుగానూ, తొందరగా కానివ్వండి!" అని వీధికంతా వినపడేలా శాపనార్థాలు పెడుతోంది.

"వదులూ!" అని అరిచాడు బాబాయి.

ఆవిడ వదిలింది. మర గిర్రున గాలికి ఎదురు తిరిగింది. రెక్కలు జోరందుకున్నాయి. ఈసారి రొద లేదు, వణుకు లేదు, చేతినిండా పనున్న మనిషిలా ఒక్క తీరున తిరగసాగింది. ఫ్రిజ్జు తలుపు సందుల్లోంచి పసుపు వెలుగు గీతలు గీతలుగా బయటికొచ్చింది.

"ఇరవై రెండు... ఇరవై మూడు!" అల్లుడు మీటరు చదువుతున్నాడు. "ఇరవై మూడు దగ్గర నిలబడిందండి! పన్నెండున్నర వోల్టులు. అంటే... రెండొందల ఎనభై ఏడున్నర!" నిదానస్తుడైన అల్లుడు వయసూ వావీ మరిచి మామగారిని నడుం దగ్గర పట్టుకుని గాల్లోకి ఎత్తేశాడు. "ఒక్కో విసురుకి ఇరవై నాలుగు! మూడొందలండీ మామయ్యగారూ, మూడొందలు!"

"దింపండి, దింపండి బాబూ! రెండొందల ఎనభై ఏడున్నరే" అన్నాడు బాబాయి గాల్లోంచే. "విసుర్లు లెక్కలోకి రావు."

ముల్లు కదిలింది. ముందు కదిలినట్టు అనిపించింది, తర్వాత నిజంగానే కదిలింది. కూతురు తలుపుకి అరచేతులు ఆనించి నిలబడింది. ఎర్రగీత అంత దూరంలో ఉంది, ఇంత దూరంలో ఉంది, ముల్లు వెళ్ళి గీతని తాకింది. ఆమె నేల మీద కూలబడి, మోకాళ్ళలో మొహం పెట్టుకుని, ఒకేసారి నవ్వూ ఏడుపూ కలిపి వెళ్ళగక్కింది. అల్లుడు పక్కన కూర్చుని ఆమె చేతులకి వెన్న రాశాడు.

వీధిలో ఇంకెక్కడా దీపం లేదు. వెనక గది కిటికీలోంచి పడుతున్న వెలుగు చూసి టైలరత్త ఊరుకోలేకపోయింది. ఎగిరొచ్చిన బట్టలు ఏరుకునే వంకతో వీధి దాటొచ్చింది. డాబా మీద గాలిని కనిపెట్టుకుని కూర్చున్న మొగుడూ పెళ్ళాలకి గుమ్మంలో మాటలన్నీ స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"ఏమే అమ్మాయ్, బానే వెలుగుతోందే! ఎంత ఇస్తోందేంటి మీ నాన్న మర?"

"మూడొందల వాట్లు అత్తా."

"ముప్పయ్యా? పోన్లే, చిన్న బల్బుకి సరిపోతుంది."

"ముప్పై కాదు. మూడొందలు."

"అదేలేవే, మూడొందలంటే ముప్పయ్యేగా!" టైలరత్త కిలకిలమంది. "తండ్రికి తగ్గ కూతురివి, నీకూ వచ్చిందన్నమాట ఆ సున్నా జబ్బు."

"మూడొందలంటే మూడొందలే!" ఆ కేకకి డాబా మీద బాబాయి ఉలిక్కిపడ్డాడు. "మా ఆయన మీటరు పెట్టి చూశాడు! రా, లోపలికి రా, నాలుగు బల్బులూ నీ కళ్ళతో నువ్వే చూసుకో, లెక్కపెట్టుకో! మా నాన్న ఎంత చెప్పాడో అంతా వచ్చింది. ఇంకోసారి సున్నా గిన్నా అన్నావంటే బాగుండదు, చెప్తున్నా!"

టైలరత్త గొణుగుడు దూరమైంది. వీధి తలుపు ధడేలున పడింది.

బాబాయికి చాలా సంతోషంగా ఉంది. ఎంత సంతోషమంటే, ఎంతో చెప్పడానికి ఆయనకి ఒక్క అంకె కూడా తోచలేదు. ఆ సూత్రం కనిపెట్టిన మహాతల్లి పక్కనే కూర్చుని అరచేతుల మీది తాడు ఒరుపులు చూసుకుంటోంది. తలెత్తకుండానే ఆయన వైపు కాస్త జరిగింది.

కూతురు విసవిసా మెట్లెక్కొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి.

"నాన్నా, చెప్తున్నా విను. ఇక మీదట ఎవరితోనూ ఒక్కటంటే ఒక్క అంకె ఎక్కువ చెప్పావంటే నేనూరుకోను. నీ మాట మీద పోట్లాడొచ్చాను నేను!"

నోరుంటే తలకాస్తుందనే బాబాయి ఈసారి తలతోనే సరిపెట్టుకున్నాడు. అలాగేనని తలూపాడు.

"గాలెలా ఉంది?" అందామె కాస్త తగ్గి.

ఆయన లేచి ఈక వదిలాడు. వేలు ఊపుతూ లెక్కపెట్టాడు. మూడు దాటింది, నాలుగు కాకముందే గోడకి తగిలింది.

"తగ్గుతోంది. మూడున్నర. ఒక బల్బు తీసెయ్యాలి అమ్మడూ, మూడే ఉంచండి."

కూతురు పిట్టగోడ మీంచి కిందికి వంగింది. "ఏవండీ, ఒకటి తీసెయ్యండి! మూడే ఉంచాలి!"

"ఎవరన్నారు?" అని కింద నుంచి కేక.

"నాన్న!"

"సరే" అన్నాడు అల్లుడు. బల్బు తీసేశాడు.